నాలుగు వందల పన్నెండు మొలకలు

తప్పులు పట్టడమే ఆమె వృత్తి. పాఠ్యపుస్తకాలు వేసే ప్రెస్సులో ఇరవై రెండేళ్ళుగా ప్రూఫ్‌రీడరు. పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుని ఎర్ర పెన్ను మూత తీసిందంటే, ఒత్తు జారిన అక్షరం గానీ, ఒకే వాక్యంలో రెండుసార్లు పడ్డ మాట గానీ ఆ కళ్ళను దాటిపోయేది కాదు. ఇంటికొచ్చాక కూడా చెయ్యి ఊరుకునేది కాదు. భర్త దర్జీ. ముందుగదిలోనే ఆయన కుట్టుమిషను. ఆయన తలుపుకు తగిలించే 'రేపు సెలవు' బోర్డులో కూడా ఒకసారి దీర్ఘం దిద్దింది.

అలాంటి మనిషికి ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం దొరికింది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. నాలుగేళ్ళుగా ఆదివారాలన్నీ అక్కడే. ఆ సర్వస్వంలో ఆమె పెట్టుకున్న పేరు 'కత్తెర'.

"కత్తెర నాదీ, పేరు నీదీనా?" అని దర్జీ ఇప్పటికీ నవ్వుతుంటాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఏదో వెతుకుతూ ఆమె ఒక చిన్న వ్యాసం మీద పడింది. మొత్తం మూడు వాక్యాలు. 'ఇది ఒక చిన్న గ్రహశకలం. అంగారకుడికీ బృహస్పతికీ మధ్య సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. దీని స్థానాన్ని ఫలానా తేదీన గాజు పలక మీద కొలిచారు.' అంతే. కింద ఇంకో గ్రహశకలానికి లంకె ఉంది. నొక్కింది. అవే మూడు వాక్యాలు. శీర్షికలో సంఖ్యా, లోపల తేదీ మాత్రం వేరు. మరొకటి నొక్కింది. మళ్ళీ అదే పాట.

"ఏమండీ, ఇది చూశారా?" అని కేకేసింది. "ఒకే కొలతకి చొక్కాలు కుట్టి ఊరందరికీ తొడిగినట్టుంది."

"ఎన్ని చొక్కాలు?" అన్నాడు దర్జీ మిషను ఆపకుండా.

లెక్కపెట్టింది. నాలుగు వందల పన్నెండు.

ఇలాంటి పొట్టి వ్యాసాలను ఆ సర్వస్వంలో మొలకలు అంటారు. అన్నిటినీ నాటింది ఒక్కరే. ఆ రచయిత పేరు 'గాజుపలక'. ఏ కుర్ర విద్యార్థో వ్యాసాల సంఖ్య పెంచుకోవడానికి పెట్టిన గోల అనుకుంది ఆమె. చర్చా పేజీ తెరిచి తొలగింపు ప్రతిపాదన రాసింది. 'ఈ 412 మొలకల్లో ఒకటి చదివితే మిగతా 411 చదివినట్టే. అన్నిటినీ తీసేసి ఒక జాబితా పెడితే చాలు. సర్వస్వం గోదాము కాదు. చదవడానికి వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి దొరకాలి.'

మర్నాడు సాయంత్రానికి జవాబు వచ్చింది.

'అయ్యా కత్తెర గారూ, సర్వస్వం అంటే సర్వమూ అని కదా అర్థం? నాలుగు వందల పన్నెండు తీసేశాక ఆ పేరు ఎలా పెట్టుకుంటారు? ఇక్కడ నటీనటుల పేజీల్లో వాళ్ళ కుక్కపిల్లల పేర్లు కూడా ఉన్నాయి. మనిషి పుట్టక ముందు నుంచీ తిరుగుతున్నవాటికి మూడు వాక్యాలు ఎక్కువయ్యాయా?'

ఆమెకు నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. 'బాబూ, తిరగడం ఒక్కటే అర్హత అయితే మా వీధిలో చాలామందికి వ్యాసాలు రాయాలి,' అని రాసింది. చర్చ చూస్తున్నవాళ్ళు కొందరు చప్పట్లు కొట్టారు. ఇంకొందరు గాజుపలక వైపు చేరారు. తోకచుక్కలకు ఇచ్చి వీటికి ఎందుకివ్వరని ఒకరు, రాళ్ళకు పేజీలిచ్చుకుంటూ పోతే అంతెక్కడని ఒకరు. నిర్వాహకుడు ఎవరినీ నొప్పించకుండా, రెండు వారాలు చర్చ సాగనివ్వండన్నాడు.

ఆ రెండు వారాల్లో ఆమె నాలుగు వందల పన్నెండు మొలకలూ చదివింది. చదవకుండా తీసెయ్యమనడం ఆమె పద్ధతి కాదు. రోజుకు నలభై చొప్పున, ప్రెస్సులో టీ తాగే వేళ కొన్నీ, బస్సులో కొన్నీ. రెండు వందలు దాటాక ఒక విషయం గమనించింది. ఒక్క అక్షరదోషం లేదు. ఒక్క అంకె తారుమారు కాలేదు. కుర్ర విద్యార్థి చేతి పని ఇంత శుభ్రంగా ఉండదే అనుకుంది.

మూడు వందల ఆరోదాని దగ్గర మాత్రం ఆగిపోయింది. అక్కడ తేదీ 'ఫిబ్రవరి 30' అని ఉంది.

చర్చా పేజీలో ఒక్క ముక్క రాసింది. 'ఫిబ్రవరికి ముప్పయ్యో తేదీ ఎక్కడి నుంచి వచ్చింది?'

రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు వచ్చింది గానీ ముందటి దూకుడు లేదు.

'అయ్యా, ఆ తప్పు నాదే. నా చిన్న పుస్తకంలో నెల చెరిగిపోయింది. ఎడమ కంటికి శుక్లం. అసలు రిజిస్టరు అబ్జర్వేటరీలో ఉంది. వెళ్ళి చూడాలంటే రెండు బస్సులు మారాలి. డెబ్భై ఎనిమిదేళ్ళు వచ్చాయి, తోడు లేకుండా వెళ్ళలేను. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పలకలు కొలిచాను. కొలతలో తప్పు పట్టినవాళ్ళు లేరు. మీరు పట్టారు.'

ఆమె ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదువుకుంది. ఏ అబ్జర్వేటరీ అని అడిగింది. ఊరి చివర గుట్ట మీద ఉన్నదేనట. అంటే ఇద్దరిదీ ఒకే ఊరు.

'నేను అయ్యను కాను, అమ్మను,' అని రాసింది. 'శనివారం నాకు సెలవు. మీ ఇల్లెక్కడో చెప్పండి.'

'నేనూ బాబును కానమ్మా,' అని వెంటనే జవాబొచ్చింది.

*

శనివారం పొద్దున పది గంటలకు పెద్దావిడ మేనకోడలి ఇంటి గేటు ముందు సిద్ధంగా నిలబడి ఉంది. పొట్టి మనిషి. వీపు కాస్త వంగింది గానీ అడుగు గట్టిది. భుజానికి సంచీ, చేతిలో గొడుగు. ప్రూఫ్‌రీడరును ఎగాదిగా చూసింది.

"నువ్వేనా కత్తెర? మీసాలుంటాయనుకున్నాను."

"మీకు గడ్డం కూడా రాలేదనుకున్నాను, పిన్నిగారూ."

"సరే పద, బస్సు తప్పితే అరగంట నిలబడాలి."

దారి పొడుగునా పెద్దావిడ మాట్లాడుతూనే ఉంది. ఊరి దీపాలు పెరిగి గుట్ట మీది దూరదర్శిని పనికిరాకుండా పోయిందట. ఇప్పుడు బడిపిల్లలకు చూపించడానికే అబ్జర్వేటరీ. పలకలు మాత్రం కిందిగదిలో భద్రంగా ఉన్నాయట. వాటిని చూసుకునే గ్రంథపాలకుడు మంచివాడే గానీ, ఏది అడిగినా ముందు తల అడ్డంగా ఊపుతాడట.

నిజంగానే ఊపాడు. నలభై ఏళ్ళ మనిషి. ముక్కు మీదికి జారే కళ్ళజోడు. "పిన్నిగారూ, ముందుగా చెప్పకుండా వస్తే ఎలాగండీ?" అంటూనే తాళాలగుత్తి తీశాడు.

కిందిగది పొడవుగా, చల్లగా ఉంది. ఇనుప బీరువాల్లో కాగితపు కవర్లలో, ఒకప్పుడు ఆకాశాన్ని ఫోటో తీసిన గాజు పలకలు నిలువుగా పేర్చి ఉన్నాయి. కవరు మీద తేదీ, వేళ, ఆకాశంలో ఏ భాగమో ఉన్నాయి. పెద్దావిడ ఒక పలకను అంచులు పట్టుకుని తీసి, కిటికీ వెలుతురుకు ఎత్తింది. తెల్లని గాజు మీద మిరియాల పొడి చల్లినట్టు నల్లని చుక్కలు.

"ఇవి నక్షత్రాలు. పలక మీద చీకటి తెల్లగా, వెలుగు నల్లగా పడుతుంది. దూరదర్శిని నక్షత్రాల వెంట కదులుతుంది కాబట్టి అవి చుక్కల్లా నిలుస్తాయి. గ్రహశకలం దాని దారిన అది పోతుంది కదా, అందుకని గీత పడుతుంది. ఇదిగో."

వెంట్రుక ముక్కంత గీత. చూపుడువేలు పక్కన పెడితే గానీ ప్రూఫ్‌రీడరుకు కనపడలేదు.

గది మూలన కొలిచే యంత్రం ఉంది. సూక్ష్మదర్శిని, దాని కింద పలకను అటూ ఇటూ జరిపే రెండు మరలు. పెద్దావిడ దాని మీది గుడ్డ తీసి, మర తలను వేళ్ళతో తడిమింది.

"ప్రతి పలకనీ ఒకసారి తిన్నగా, ఒకసారి తలకిందులుగా పెట్టి కొలిచేదాన్ని. ఎవరి కన్నయినా ఒక పక్కకి లాగుతుంది. తిప్పి పెడితే ఆ తేడా కొట్టుకుపోతుంది."

"మేమూ అంతే పిన్నిగారూ. అట్టమీది మాటల్ని చివరి నుంచి మొదటికి చదువుతాం. తిన్నగా చదివితే కన్ను మోసం చేస్తుంది."

పెద్దావిడ ఆమె వైపు తిరిగి చూసింది. "నీ పేరు ఏ పుస్తకంలోనైనా వేస్తారా?"

"ఎక్కడా వెయ్యరు. తప్పు పడిన రోజు మాత్రం అందరికీ గుర్తొస్తాను."

"ఫోటో తీసినాయన పేరు వేసేవారు. లెక్క కట్టినాయన పేరు వేసేవారు. మధ్యలో కొలిచినదాన్ని నేను," అంది పెద్దావిడ. ఫిర్యాదులా లేదు ఆ మాట. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "దానికేంలే. రిజిస్టరు తియ్యి."

రిజిస్టరు దొరికింది. జనవరి 30. పెద్దావిడ పెన్సిలుతో తన చిన్న పుస్తకంలో దిద్దుకుంది. పని అయిపోయినట్టే. కానీ ప్రూఫ్‌రీడరు పేజీలు తిప్పడం ఆపలేదు. ప్రతి వరుస చివరా 'రిమార్కులు' అని ఒక గడి ఉంది. అందులో పెద్దావిడ గుండ్రని చేతిరాత.

'మబ్బు. గీత సగమే పడింది.' 'రెండు గీతలు. ఒకటి మనది, ఒకటి అతిథి.' 'మూడేళ్ళుగా కనపడనిది ఈ రోజు దొరికింది. అందరికీ టీ.' ఇంకో పేజీలో: 'పలక పగిలింది. పగులు పక్కన ఏదో గీత. ఏదని తెలియలేదు. కొలిచాను. పంపవద్దన్నారు.'

"ఎందుకు పంపవద్దన్నారు?"

"పగిలిన పలక కొలత నమ్మరాదని అప్పటి పెద్దాయన అన్నాడు. రెండు ముక్కలూ విడివిడిగా కొలిచి సరిచూశానండీ అన్నా వినలేదు." పెద్దావిడ ముఖం ఉన్నట్టుండి వెలిగింది. "అమ్మాయ్, ఇవన్నీ వ్యాసాల్లో రాసేద్దాం! మూడు వాక్యాలు ఆరవుతాయి. అప్పుడు నువ్వు కాదనలేవు."

ప్రూఫ్‌రీడరు రిజిస్టరు మూసింది. చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు. అయినా చెప్పింది.

"కుదరదు పిన్నిగారూ. అచ్చయిన మూలం ఉండాలి. ఎవరింట్లోనో, ఏ బీరువాలోనో ఉన్న కాగితాన్ని చదివేవాళ్ళు ఎలా సరిచూసుకుంటారు? ఇవాళ మీకు ఒప్పుకుంటే, రేపు ఇంకెవరో మా తాతగారి డైరీ అని వస్తారు."

"కళ్ళెదుట ఉన్నది కూడా పనికిరాదా?"

"సర్వస్వంలో పనికిరాదు."

"ఆ పెద్దాయనా ఇదే మాట అన్నాడు," అంది పెద్దావిడ. గొడుగు తీసుకుని మెట్లెక్కింది.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నా, పెద్దావిడ ముఖం కిటికీ వైపే తిప్పుకుంది. గేటు దగ్గర పెద్దావిడ తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంట్లో భోజనాల దగ్గర దర్జీ భార్య ముఖం చూసి ముద్ద ఆపాడు. "పేచీ పెట్టుకుని వచ్చావా? నేనొక్కణ్ణీ చాల్లేదా నీకు?"

"నేనన్నది న్యాయమేనండీ."

"కాదని ఎవరన్నారు? నీ న్యాయానికి అన్నం సహించదని తెలిసిందిగా," అని కంచంలో ఆమె వదిలేసిన అన్నం చూపించాడు.

మర్నాడు సర్వస్వం తెరిస్తే చర్చా పేజీలో కొత్త వరుస ఒకటి ఉంది. 'రిజిస్టరు చూశాను. జనవరి 30. వ్యాసంలో సరిచేశాను. తప్పు చూపినవారికి ధన్యవాదాలు. గాజుపలక.' అంత కోపంలో ఇంటికి వెళ్ళి, ఒంటి కన్నుతో ముందు ఆ తప్పు దిద్దిందన్నమాట. ప్రూఫ్‌రీడరు ఆ వరుసను చాలాసేపు చూసింది.

సోమవారం ప్రెస్సులో భూగోళం పుస్తకం ప్రూఫులు ముందేసుకుని కూర్చుంది. చేతిలో పెన్ను, బల్ల మీద తడి ఆరని కాగితాలు, గోడవతల యంత్రాల చప్పుడు. అచ్చు కాలేదనే కదా తన అభ్యంతరం! పొద్దస్తమానం అచ్చు మధ్యే బతికే మనిషికి ఆ మాట తట్టడానికి రెండు రోజులు పట్టింది. లేచి వెళ్ళి గ్రంథపాలకుడికి ఫోన్ చేసింది.

"ఆ రిజిస్టర్లు మీ అబ్జర్వేటరీ ప్రచురణగా తెస్తే ఎలా ఉంటుందండీ? కాగితం మీద కొన్ని ప్రతులు, ఆన్‌లైన్‌లో అందరికీ."

అవతల తల అడ్డంగా ఊపుతున్న సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది. "మంచి ఆలోచనే. స్కానింగ్ మిషను ఉంది, అనుమతి కూడా తెస్తాను. కానీ టైపు చేసేదెవరు? అంకెలండీ అవి. ఒక్కటి తప్పితే మొత్తం దండగ. పదేళ్ళ క్రితం ఎవరికో ఇస్తే మూడు పేజీల్లో ముప్పై తప్పులు."

"మేం చేస్తాం."

"మేం అంటే?"

"నేనూ, పిన్నిగారూ."

ఆ సాయంత్రమే పెద్దావిడ ఇంటికి వెళ్ళింది. పెద్దావిడ వరండాలో కూర్చుని కంట్లో మందు వేసుకుంటోంది. విషయమంతా విని, దూదితో కన్ను తుడుచుకుంది.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"ఆ రోజు తట్టలేదు."

"తట్టనివాళ్ళు అంత గట్టిగా కాదనకూడదు," అంది పెద్దావిడ. తర్వాత నవ్వేసింది. "శనివారం పదింటికి. ఆలస్యం చెయ్యకు."

*

చర్చను నిర్వాహకుడు వాయిదా వేశాడు. ఐదు నెలలు పట్టింది ఆ పని. మొదట్లో పెద్దావిడ రిజిస్టరు చూసి చదివేది, ప్రూఫ్‌రీడరు టైపు చేసేది. తర్వాత ప్రూఫ్‌రీడరు చదివితే పెద్దావిడ సరిచూసేది. ఆ తర్వాత ప్రతి పేజీనీ కింది నుంచి పైకి మరోసారి. నడుమ మూడు వారాలు పెద్దావిడ కంటికి ఆపరేషన్ అయి రాలేకపోతే, దర్జీ వచ్చి కూర్చున్నాడు. "టేపు మీద అంకెలు చూసేవాణ్ణే కదా," అని ధీమాగా మొదలుపెట్టి, గంటలో రెండు తప్పులు చదివి చీవాట్లు తిన్నాడు.

కొత్త కన్నుతో వచ్చిన రోజు పెద్దావిడ తన పాత చేతిరాత చూసుకుని, "ఇంత బాగా రాసేదాన్నా?" అంది.

చివరికి మూడు వందల పేజీల జాబితా అచ్చయింది. లోపలి పేజీలో, 'పలకలు కొలిచినవారు' అన్న మాట కింద పెద్దావిడ పేరు ఇంటిపేరుతో సహా ఉంది. దాని కింద 'ప్రూఫులు దిద్దినవారు' అని మరో పేరు. అది వేయించింది పెద్దావిడే. ప్రూఫ్‌రీడరు వద్దని ఎంత చెప్పినా వినలేదు.

సర్వస్వంలో చర్చ మళ్ళీ తెరిచారు. అప్పటికి ప్రూఫ్‌రీడరు మొలకలన్నీ ఇంకోసారి చూసి పదకొండింటిని వేరుచేసింది. వాటి గురించి వేరేచోట్ల కూడా పుస్తకాల్లో, పత్రికల్లో రాశారు. ఒకటి జంటగా తిరుగుతోందని, ఒకటి రంగు వింతగా ఉందని. ఆ పదకొండు వ్యాసాలూ ఉంచి పెంచాలనీ, మిగతా నాలుగు వందల ఒకటీ రిమార్కులతో సహా ఒక పెద్ద పట్టికలో చేర్చాలనీ రాసింది. పాత చిరునామా నొక్కినా నేరుగా పట్టికలోని దాని వరుసకే వెళతారు. ఎప్పుడైనా ఏదాని గురించైనా కొత్త సంగతి అచ్చయితే దానికి వేరే వ్యాసం.

పంపాక గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. గంటలో మొదటి ఓటు పడింది.

'విలీనానికే నా ఓటు. పట్టికలో చదువుతుంటే ఒకదాని పక్కన ఒకటి ఉండి బాగున్నాయి. విడివిడిగా ఉన్నప్పుడు వాటిని నేనొక్కదాన్నే చదివేదాన్ని. గాజుపలక.'

ఆ తర్వాత ఎవరూ పెద్దగా వాదించలేదు.

అక్కడితో సంగతి ముగిసిందనుకున్నారు. రెండు నెలలకు గ్రంథపాలకుడి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. మనిషి గొంతు తొట్రుపడుతోంది. "కత్తెరగారూ, ఒక ఉత్తరం వచ్చిందండీ. గ్రహశకలాల దారులు లెక్కకట్టే శాస్త్రవేత్త, ఎక్కడో సముద్రాల అవతల ఉంటుంది. మన జాబితాలో పగిలిన పలక ఉంది చూడండి, ఏదని తెలియని గీత..."

ఆ గీత దొరికింది. పదిహేడేళ్ళ క్రితం ఎవరో ఒక గ్రహశకలాన్ని కొన్ని వారాలు చూసి, దారి పూర్తిగా తెలియకముందే పోగొట్టుకున్నారట. అప్పటి నుంచీ అది తప్పిపోయిన వాటి లెక్కలోనే ఉంది. పెద్దావిడ కొలత అంతకు చాలా ముందుది. ఆ కొలతను కలిపి లెక్కకడితే దారి కుదిరింది. ఈ నెలలో ఫలానా చోట ఉండాలని లెక్క చెప్పింది. అక్కడికి దూరదర్శిని తిప్పి చూస్తే, ఉంది.

పెద్దావిడ ఈ సంగతి విని అడిగిన మొదటి మాట: "కొలతలో తేడా ఎంత వచ్చిందట?"

"లేనట్టేనట, పిన్నిగారూ."

"రెండు ముక్కలూ విడిగా కొలిచానని చెప్పాను కదా," అంది. అప్పుడు ఏడ్చింది. ఆపరేషన్ అయిన కన్ను తడవకూడదేమోనని ప్రూఫ్‌రీడరు కంగారుపడింది గానీ, అదేం కాదులే అని మేనకోడలు నవ్వింది.

ఆ శాస్త్రవేత్త రాసిన పత్రం ఏడాది తిరగకుండా అచ్చయింది. పెద్దావిడ పేరు అందులో రెండు చోట్ల ఉంది. ఆ వారమే ఆ గ్రహశకలానికి సర్వస్వంలో వ్యాసం వచ్చింది. మొలక కాదు. ఏడు పేరాలు, తొమ్మిది మూలాలు, పగిలిన పలక ఫోటో. రాసింది కత్తెర. ఇన్నేళ్ళలో ఆమె తనంతట తాను మొదలుపెట్టిన తొలి వ్యాసం అది. మొదటి వాక్యం కుదరక నాలుగు రోజులు తిప్పలు పడింది.

"దిద్దేవాళ్ళకి రాసే కష్టం ఇప్పటికి తెలిసింది," అన్నాడు దర్జీ.

ఆ వ్యాసం చదివి, మిగతా రిజిస్టర్లకు మేమూ వస్తామని ముగ్గురు రాశారు. ఒక నర్సు, ఒక రిటైరైన బస్సు కండక్టరు, ఒక లెక్కల టీచరు. గ్రంథపాలకుడు తల అడ్డంగా ఊపి, కిందిగదిలోకి మూడు కుర్చీలు దింపించాడు.

మొదటి శనివారం నర్సు ఒక్కతే వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చిందేమో, ఇంకా యూనిఫాంలోనే ఉంది. టైపు చేసే ముందు ఒక్కసారి అసలు పలక చూస్తానంది. పెద్దావిడ ఒక పలకను యంత్రం మీద పెట్టి, దీపం సర్ది, ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది.

"తొందరేం లేదు. మరని నెమ్మదిగా తిప్పు. ఎడమ నుంచి కుడికి."

నర్సు కంటిని అద్దానికి ఆనించి చాలాసేపు తిప్పింది. "అన్నీ చుక్కలే కనపడుతున్నాయి పిన్నిగారూ... చుక్కలే... ఇది కూడా చుక్కే... ఉండండి. ఉండండుండండి. ఇదేనా? ఇది పొడుగ్గా ఉంది!"

"కదపకు," అంది పెద్దావిడ. "మర మీద అంకె చదువు, గట్టిగా."

ప్రూఫ్‌రీడరు కొత్త పేజీ తెరిచి, పెన్ను మూత తీసింది.